ఇంటి హాల్లో గ్రీన్ మ్యాట్, వెనుక వరద గోదావరి: 22 నిమిషాల చిత్రానికి సలహాలు కావాలి

గెడపడవ

అందరికీ నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో లెక్కలు రాసే ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో చిన్న చిత్రాలు తీసుకునేవాడిని. ఈసారి తలపెట్టిన కథ ఒకే రాత్రి, ఒకే నాటుపడవలో జరుగుతుంది. పాత్రలు ఇద్దరే: గెడ వేసే ముసలాయన, తెల్లవారేలోగా అవతలి ఒడ్డుకు చేరకపోతే కూతురి పెళ్ళి ఆగిపోతుందని బతిమాలి పడవెక్కిన ఒక తండ్రి. నది వరదలో ఉండాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే రేవుల్లో పడవలు కట్టేస్తారు. కట్టెయ్యకపోయినా ఆ నీటిమీద, అదీ రాత్రిపూట, ఇద్దరు నటులను కూర్చోబెట్టే ధైర్యం నాకు లేదు. అందుకే గ్రీన్ మ్యాట్ ముందు తీసి, నదిని వెనుక కలపాలని నిర్ణయించుకున్నాను.

నా దగ్గర ఉన్నవి 4కే తీసే ఫోను, ఒక ట్రైపాడ్, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, నాలుగు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్లు, ఒక కాలర్ మైకు. ఖర్చు మొత్తం 15,000 రూపాయలు దాటకూడదు. మా హాలు 18 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు.

నిన్న మా బావమరిదిని కూర్చోబెట్టి మొదటి పరీక్ష చేశాను. నిగనిగలాడే ఆకుపచ్చ శాటిన్ గుడ్డను గోడకు కట్టి, ట్యూబ్‌లైట్లన్నీ పైన వరుసగా బిగించాను. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో కీ చేస్తే, అంటే మ్యాట్ రంగును తొలగిస్తే, భుజాల చుట్టూ పచ్చటి గీత మిగిలింది, జుట్టు సగం పోయింది, తెల్లపంచెలో చిల్లులు పడ్డాయి, మ్యాట్ కిందిభాగం అసలు పోనేలేదు. తప్పు ఎక్కడ మొదలైందో చెప్పగలరా?

డాబాసినిమా

గెడపడవ గారూ, మీ తప్పు బట్టల కొట్టులోనే మొదలైంది. శాటిన్ వెలుతురును అద్దంలా తిప్పికొడుతుంది కనుక ప్రతి ముడతా ఒక తెల్లని చారగా మారుతుంది. మెరుపు లేని మందపాటి నూలు గుడ్డ కావాలి. మా వరంగల్‌లో పరదాలకు వాడే రకం తీసుకుని, టైలరు చేత రెండు పన్నాలు కలిపి కుట్టించాను. కుట్టు అడ్డంగా కాకుండా నిలువుగా, అదీ నటుడి వెనుక దాగేలా వేయించుకోండి. ప్లాస్టిక్ గొట్టాలతో చట్రం చేసి, బట్టలారేసే క్లిప్పులతో నాలుగు వైపులా లాగి బిగిస్తే ఇస్త్రీ కూడా పెద్దగా అవసరం ఉండదు.

రెండో తప్పు దూరం. మనిషి మ్యాట్‌కు ఎంత దగ్గరగా ఉంటే దాని పచ్చదనం అంతగా అతడి భుజాలకూ చెవులకూ అంటుకుంటుంది. ఆరడుగులకు తగ్గితే నేను షాటే పెట్టను. మీ హాల్లో 18 అడుగుల వైపు వాడుకుంటే మ్యాట్ నుంచి నటుడికి ఏడు, నటుడి నుంచి ఫోనుకు తొమ్మిది అడుగులు దొరుకుతాయి. సోఫా వరండాలోకి వెళ్ళక తప్పదు, ఇంట్లోవాళ్ళతో ముందే మాట్లాడుకోండి.

గరాజు_గణపతి

నేను డాలస్‌లో మా కారు షెడ్డులోనే రెండు చిత్రాలు తీశాను. పై సలహాలకు నావి కొన్ని. ఫోనులో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడింటినీ లాక్ చేయండి. లాక్ చేయకపోతే నటుడు చెయ్యి ఎత్తినప్పుడల్లా మ్యాట్ రంగు మారిపోతుంది. ఓపెన్ కెమెరా, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా వంటి ఉచిత యాప్‌లలో ఆ సదుపాయం ఉంది. హెచ్‌డీఆర్‌నూ, ఫోను సొంతంగా చేసే స్థిరీకరణనూ ఆపేయండి. షట్టర్ 1/60 దగ్గర పెట్టండి, లైట్లు మిణుకుమనవు.

ఆకుపచ్చే ఎందుకని మా అబ్బాయి అడిగితే చెప్పిన సంగతి ఇక్కడ కూడా పనికొస్తుంది. 1976లో కొడాక్‌కు చెందిన బ్రైస్ బేయర్ పేటెంటు పొందిన రంగు గడుల అమరికే ఇప్పటికీ చాలా కెమెరా సెన్సార్లలో ఉంది. అందులో సగం గడులు ఆకుపచ్చవి, పావు ఎరుపువి, పావు నీలివి. అందువల్ల ఆకుపచ్చ సమాచారం ఎక్కువ స్పష్టంగా, తక్కువ మచ్చలతో నమోదవుతుంది.

నోడ్లగూడు

హైదరాబాద్‌లో కంపోజిటింగే, అంటే విడివిడిగా తీసిన దృశ్యాలను ఒకే షాటుగా కలపడమే, నా వృత్తి. గణపతి గారి మాటల్లో ఒక్క సవరణ చేయాలి. 1/60 అమెరికాకు సరైనది, ఎందుకంటే అక్కడి కరెంటు 60 హెర్ట్జ్. మన దగ్గర 50 హెర్ట్జ్ కనుక దీపాలు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. సెకనుకు 25 ఫ్రేములు తీస్తూ షట్టర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర ఉంచితే చారలు రావు. మీ ట్యూబ్‌లైట్లు ఎలాంటివో తెలియాలంటే వాటిని ఫోను స్లోమోషన్‌లో ఒకసారి తీసి చూడండి, చౌకరకం వెంటనే దొరికిపోతుంది.

ఇక మీ అంచుల సమస్య. ఫోను వీడియోలో వెలుతురు వివరం ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది గానీ రంగు వివరం నాలుగు పిక్సెళ్ళకు ఒకటే ఉంటుంది. కీ జరిగేది రంగు మీద కాబట్టి జుట్టు దగ్గర మెట్లు మెట్లుగా తెగుతుంది. దీనికి డబ్బు ఖర్చులేని ఉపాయం ఒకటుంది: 4కేలో తీసి 1080 పరిమాణంలో చిత్రాన్ని పూర్తి చేయండి. 3840×2160 చిత్రంలో రంగు వివరం 1920×1080గా నమోదవుతుంది. అంటే చిత్రాన్ని కుదించాక మీకు ప్రతి పిక్సెల్‌కూ రంగు దక్కినట్టే. సెకనుకు 100 మెగాబిట్ల వేగం పెడితే నిమిషానికి 750 ఎంబీ పడుతుంది కనుక మెమరీ కార్డు ఖాళీ చూసుకోండి. ఇంకొక మాట, ఫోన్లు ఫ్రేముల వేగాన్ని లోలోపల మార్చేస్తుంటాయి. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 25కు మార్చుకున్నాకే ఎడిటింగ్ మొదలుపెట్టండి, లేకపోతే పెదవులూ మాటలూ క్రమంగా విడిపోతాయి.

పంచెలో చిల్లులు పడ్డాయంటే పలచని గుడ్డలోంచి మ్యాట్ వెలుగు కనిపిస్తోందని అర్థం. దాన్ని ఒకే కీతో సాధించలేరు. గట్టిగా బిగించిన కీ ఒకటి లోపలి శరీరానికి, మెత్తటి కీ ఇంకొకటి అంచులకు వేసి, రెండింటినీ కలపాలి. మనిషి చుట్టూ ముతకగా ఒక గీత గీసి బయటి భాగాన్ని ముందే తీసేస్తే, మ్యాట్ మూలల్లో ఎలా ఉన్నా బాధలేదు. ట్యూబ్‌లైట్లను పైనుంచి దింపి, మ్యాట్‌కు చెరోవైపు రెండేసి చొప్పున నిలువుగా నిలబెట్టండి. తరువాత ఒక ఫోటో తీసి కంప్యూటర్లో నాలుగు మూలలా, మధ్యలోనూ ఆకుపచ్చ విలువ చదవండి. 255లో 20 అంకెలకు మించి తేడా వస్తే దీపాలను జరపాలే తప్ప సాఫ్ట్‌వేర్ మీద భారం వేయకూడదు.

పాతలైట్‌మన్

బాబూ, నేను మద్రాసులోనూ తరువాత హైదరాబాద్‌లోనూ ముప్ఫయ్యేళ్ళకు పైగా లైట్లు మోసినవాడిని. ఇక్కడ అందరూ మ్యాట్‌ను ఎలా తీసెయ్యాలో చెబుతున్నారు. మీ కథ రాత్రి జరుగుతున్నప్పుడు అసలు ఎన్ని షాట్లకు మ్యాట్ కావాలని ఎవరూ అడగలేదు.

చీకట్లో నది మీద ఉన్న మనిషి దగ్గరి షాటులో వెనుక ఏం కనిపిస్తుంది? ఏమీ కనిపించదు. అలాంటి షాట్లకు నల్లగుడ్డ కట్టి, మనిషి వెనుక ఒక పక్కనుంచి సన్నని బ్యాక్ లైట్ వేస్తే చాలు, జుట్టూ భుజమూ వెన్నెల అంచుతో విడిపోతాయి. నీటి మెరుపు కావాలంటే ఒక వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, అడుగున పగిలిన అద్దం ముక్కలు పరిచి, దాని మీద దీపం వేసి, వేలితో నీళ్ళు కదిలించండి. ఆ అలల నీడ ముఖం మీద ఆడుతుంటే చూసేవాడికి నది అక్కడే ఉన్నట్టుంటుంది. 1957 నాటి మాయాబజార్‌లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే చూపిన వెన్నెలకు తరువాతివాళ్ళందరూ దండం పెట్టింది ఇందుకే. వెన్నెలను ఆయన దీపాలతో కల్పించారు, దానికోసం చంద్రుణ్ణి నమ్ముకోలేదు.

ఇద్దరూ, పడవా, నదీ కలిసి కనిపించాల్సిన షాట్లకు మాత్రం మ్యాట్ తప్పదు. అక్కడ కూడా నేనైతే ఆకుపచ్చ కట్టను, నీలం కడతాను. పచ్చదనం ముఖానికి అంటితే రోగిష్టిలా కనిపిస్తాడు. నీలం అంటితే వెన్నెల పడిందనుకుంటారు. ముందు మీ షాట్ల పట్టిక వేసుకుని లెక్క చెప్పండి.

గెడపడవ

పెద్దాయన గారూ, రాత్రంతా కూర్చుని పట్టిక వేశాను. మొత్తం 64 షాట్లు. అందులో నది నిజంగా కనిపించి తీరవలసినవి 19 మాత్రమే. మిగతావాటిలో ముఖాలు, చేతులు, గెడ, పడవ అడుగున చేరుతున్న నీరు, లాంతరు ఉన్నాయి. ఇంత తేలిక అవుతుందని నేను అనుకోలేదు. అయితే లాంతరు దాదాపు ప్రతి షాటులోనూ ఉంది. దాని గాజు చిమ్నీలోంచి మ్యాట్ కనిపిస్తుంది కదా, దానికేం చేయాలి?

నోడ్లగూడు

పెద్దాయన మాటతో చాలావరకు ఏకీభవిస్తాను. రెండు అభ్యంతరాలు మాత్రం చెప్పాలి. నీలం గడులు సెన్సార్‌లో పావు వంతే కనుక ఫోనులో నీలం ఛానల్ మచ్చలమయంగా ఉంటుంది. నీలం గుడ్డ వెలుతురును తక్కువగా తిప్పికొడుతుంది కూడా. నాలుగు ట్యూబ్‌లైట్లు దానికి చాలవు. ఇక నల్లగుడ్డ ముందు తీసిన షాటుకు తరువాత నది కలపాలని మనసు మారితే దారి లేదు. నలుపును వదిలి వెలుగును మాత్రమే పైన కలిపే స్క్రీన్ పద్ధతిలో కలిపితే వెలుగుభాగాలు నిలుస్తాయి గానీ నల్లజుట్టులోంచి గోదావరి పారుతుంది.

లెక్క పరంగా చూస్తే 19 షాట్లకు దిగడం పెద్ద లాభం. 22 నిమిషాలంటే 33,000 ఫ్రేములు. మీ ల్యాప్‌టాప్ మీద ఫ్రేముకు ఎనిమిది సెకన్లు పట్టిందనుకుంటే రెండర్‌కే, అంటే కలిపిన ఫ్రేములను కంప్యూటర్ తయారుచేయడానికే, 73 గంటలు నడుస్తుంది. 19 షాట్లు సగటున ఆరేసి సెకన్లయితే 2,850 ఫ్రేములే, ఆరున్నర గంటల లోపు అయిపోతుంది.

లాంతరు విషయంలో గాజును తీసేసి, లోపల బ్యాటరీతో వెలిగే చిన్న పసుపు బల్బు పెట్టి తీయండి. అప్పుడు దాని వెలుగు నటుడి ముఖం మీద నిజంగానే పడుతుంది. మంటనూ చిమ్నీ మెరుపునూ విడిగా నల్లగుడ్డ ముందు తీసి స్క్రీన్ పద్ధతిలో పైన అతికించవచ్చు. ఆ పద్ధతి నిప్పుకూ నురగకూ వానకూ బాగా కుదురుతుంది.

పాతలైట్‌మన్

నోడ్లగూడు గారూ, జుట్టులోంచి గోదావరి పారేమాట నిజమే. అందుకే మనసు మారకముందే పట్టిక వేయమన్నాను. నీలం సంగతి ఎండలో తేల్చుకుందాం. డాబా మీద సాయంత్రపు నీడపట్టున తీస్తే నాలుగు ట్యూబ్‌లైట్ల కంటే ఎంతో ఎక్కువ వెలుతురు ఉచితంగా వస్తుంది, అప్పుడు ఆ మచ్చలు ఎక్కడుంటాయి? గాలికి గుడ్డ ఊగకుండా కింద ఇటుకలు కట్టండి. నటుడి మీద పైనుంచి పడే వెలుతురును రెండు నల్ల దుప్పట్లతో కోసి, ఒక పక్క తెల్లని థర్మకోల్ షీటు పెడితే రాత్రికి కావలసిన ఆకారం వస్తుంది.

డాబాసినిమా

వెనుక కలపబోయే నది షాట్ల గురించి ఒక మాట. నేను మొదటి చిత్రంలో నటులను ముందు తీసి, వెనుక దృశ్యాల కోసం తరువాత వెతికాను. నటుల మీద వెలుతురు ఎడమనుంచి, చెరువు మీద కుడినుంచి పడింది. ఎంత రంగు దిద్దినా అతికించిన బొమ్మలాగే మిగిలింది. కనుక నదిని ముందు తీయండి. ఆ షాటును ల్యాప్‌టాప్‌లో పక్కన పెట్టుకుని దానికి తగ్గట్టు దీపాలు అమర్చండి.

కెమెరా ఎత్తు కూడా కలవాలి. గట్టు మీద నిలబడి తీసిన నది, పడవలో కూర్చున్న మనిషి వెనుక ఎప్పటికీ కుదరదు. నీటిని ఆనుకుని ఉన్న రేవు మెట్ల మీద, మీరు నటులకు పెట్టబోయే ఎత్తులోనే ట్రైపాడ్ పెట్టండి. వరద హెచ్చరిక ఉన్న రోజున మాత్రం మెట్లు దిగకండి, నీరు తగ్గుముఖం పట్టాక కూడా కొన్నాళ్ళు ఎర్రగానే ఉంటుంది. రాత్రిపూట తీస్తే ఫోనులో మచ్చలే వస్తాయి. సాయంత్రం సూర్యుడికి ఎదురుగా, ఎక్స్‌పోజర్ బాగా తగ్గించి తీయండి. నీటి మీద ఎండ మెరుపు, రంగు నీలానికి తిప్పాక, వెన్నెలగా మారుతుంది. ఆకాశాన్ని ఫ్రేములోకి రానివ్వకండి, అది ఒక్కటే పగలని పట్టిస్తుంది. మీ ఊళ్ళో వంతెనలు కూడా ఫ్రేములో పడకుండా చూసుకోవాలి.

పడవ ఊగడం గురించి మీరు అడగలేదు గానీ తప్పక ఎదురవుతుంది. ఒడ్డునుంచి చూస్తున్నట్టు తీసే షాటులో పడవ ఊగాలి, నది ఊగకూడదు. అప్పుడు పలకను లారీ ట్యూబు మీద పెట్టి ఒకరు తొక్కుతుండాలి. పడవలోనే కూర్చుని చూస్తున్నట్టు తీసే షాటులో నటులూ పడవా కదలకుండా ఉండి వెనుక నది మెల్లగా పైకీ కిందికీ ఊగాలి. దాన్ని ఎడిటింగ్‌లో చేయడం రెండు కీఫ్రేముల పని.

సందేహి

ఇప్పుడు మ్యాట్ లేకుండానే మనిషిని వెనుక దృశ్యం నుంచి వేరుచేసే కృత్రిమ మేధ పనిముట్లు ఉచితంగా దొరుకుతున్నాయి కదా. ఈ గుడ్డలూ గొట్టాలూ ఇంకా ఎందుకు?

నోడ్లగూడు

వృత్తిలో నేను కూడా వాటిని వాడుతున్నాను, ముఖ్యంగా ముతక గీత గీసే పనికి. కానీ గెడలాంటి సన్నని వస్తువు వేగంగా కదిలినప్పుడు ఒక ఫ్రేములో ఉంటుంది, మరొక ఫ్రేములో మాయమవుతుంది. అంచు క్షణక్షణం వణుకుతుంది. మనిషిని గుర్తుపట్టేలా తయారైన ఆ పనిముట్లకు పడవ కూడా నటుడిలో భాగమేనని తెలియదు. సాధన చేయాలనుకునేవారికి మరొక దారి ఉంది. బ్లెండర్ అనే ఉచిత 3డీ సాఫ్ట్‌వేర్ సంస్థ 2012లో విడుదల చేసిన టియర్స్ ఆఫ్ స్టీల్ అనే లఘుచిత్రం మూల షాట్లను అందరికీ ఉచితంగా ఇచ్చింది. వృత్తి కెమెరాతో తీసిన ఆకుపచ్చ తెర షాట్లు వాటిలో ఉన్నాయి. వాటి మీద కీ చేసి చూస్తే, మన షాటులో లోపం గుడ్డదా చేతిదా అన్నది తేలిపోతుంది.

చెవులపిల్లి

శబ్దం గురించి ఎవరూ ఎత్తలేదు. డాబా మీద తీస్తే కాకులూ హారన్లూ వస్తాయి, హాల్లో తీస్తే గది మోగుతుంది, నది మధ్యలో గది మోగకూడదు. షూటింగ్‌లో కాలర్ మైకుతో ఆధారానికి మాత్రమే రికార్డు చేసుకుని, తరువాత బట్టల బీరువా తలుపులు తెరిచి, దాని ముందు నటులను నిలబెట్టి డబ్బింగ్ చెప్పించండి. నదిని తీసే రోజునే పది నిమిషాల నీటి చప్పుడు కూడా తెచ్చుకోండి.

గెడపడవ

మూడు వారాల తరువాత మళ్ళీ రాస్తున్నాను. రెండు ఆదివారాలు సాయంత్రం రేవు మెట్ల మీద 14 నది షాట్లు తీశాను. నీరు ఇంకా ఎర్రగానే ఉంది, ఎదురెండలో తీసి చీకటి చేస్తే నిజంగానే వెన్నెల గోదావరిలా కనిపించింది. నీలమా ఆకుపచ్చా అన్నది తేల్చడానికి డాబా మీద రెండు గుడ్డలూ పక్కపక్కన కట్టి, ఒకే నటుడితో ఒకే షాటు తీశాను. సాయంత్రం నాలుగున్నర వెలుతురులో నీలం దాదాపు ఆకుపచ్చంత శుభ్రంగా వచ్చింది, పంచె అంచు మీద మిగిలిన నీలి జీరను నేను తీసెయ్యకుండా అలాగే ఉంచేశాను. ఆరు దాటాక తీసిన షాట్లలో మాత్రం నోడ్లగూడు గారి మాటే నిజమై, జుట్టు దగ్గర నీలం పురుగుల్లా మెదిలింది. అంటే రోజుకు గంటన్నరకు మించి పని జరగదు. 19 షాట్లకు నాలుగు సాయంత్రాలు పెట్టుకున్నాను.

గుడ్డలకూ కుట్టు కూలికీ 1,900, గొట్టాలూ క్లిప్పులూ 850, పడవ ముందుభాగం కట్టిన వడ్రంగికి 4,200, పాత లారీ ట్యూబుకు 300 అయ్యాయి. పళ్ళెంలో అద్దం ముక్కలు వేసే ఉపాయానికి మా ఆవిడ పెళ్ళినాటి పళ్ళెం బలి కావలసింది, స్టీలుది కొని తెచ్చి తప్పించుకున్నాను. మిగిలిన చిక్కు ఒక్కటే. గెడ వేసే షాటులో వెదురు వేగంగా కదిలి 1/50 దగ్గర మసకబారుతోంది, ఆ మసకలో నీలం కలిసిపోయి కీ తెగడం లేదు.

నోడ్లగూడు

ఆ షాటును 1/100 దగ్గర మళ్ళీ తీయండి. అంచు గట్టిగా వస్తుంది. కీ పూర్తయ్యాక కదలికకు తగిన మసకను రిజాల్వ్‌లోని ఫ్యూజన్ పేజీలో విడిగా వేసుకోవచ్చు. వెలుతురు సగమవుతుంది కనుక దాన్ని నాలుగున్నరకు మొదటి షాటుగా పెట్టుకోండి.

పాతలైట్‌మన్

దానితోపాటు ఆ వెదురుకు కొంచెం మట్టి పూసి తడిపి తీయండి బాబూ. పొడి వెదురు నున్నగా ఉండి నీలాన్ని అద్దంలా పట్టుకుంటుంది, పైగా నదిలోంచి తీసిన గెడ పొడిగా ఉండదు.

గెడపడవ

ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఆదివారం బకెట్ పక్కన పెట్టుకుని తీస్తాను, ఫలితం ఇక్కడే చూపిస్తాను.